దత్తతకు పనికిరాని బిడ్డ

నన్ను పెద్దవ్వ ఇంటికి నెల రోజులకని పంపిండ్రు. పెండ్లి అయ్యేదాక ఆడనే ఉన్న. తప్పెవరిదని ఇప్పుడు ఎవరన్న అడిగితే నాదేనని ఒప్పుకుంట.

మా సొంతిల్లు ఎల్లారెడ్డిల. నిజాంసాగర్ కట్ట పని నడిచిన రోజుల్ల బాపు బండి కట్టి రాయి తోలిండట. ఆ పని ముగిసేటాల్లకు ఆయనకు ముసలి ఎడ్ల జత ఒకటి మిగిలింది, ముగ్గురు ఆడపిల్లలం మిగిలినం. నేను మూడోదాన్ని. నాకు ఆరేండ్లున్నప్పుడు నాలుగో కాన్పుకు అవ్వ మంచం పట్టింది. అక్కలు ఇద్దరూ పనికి అందొస్తుండ్రి, నేను అడ్డమొస్తుంటి. అందుకని కామారెడ్డిల ఉన్న పెద్దవ్వ, అంటే అవ్వకు సొంత అక్క, నన్ను బస్సుల ఎక్కించుకొని తీసుకపోయింది.

అవ్వకు తమ్ముడు పుట్టిండు. నెల గడిచింది. బాపు నన్ను తీసుకపోనీకి వచ్చిండు. నేను జొన్నలు పోసే పెద్ద గుమ్మిల దూరి కూసున్న. బాపు ఇల్లంత వెతికి, బస్సు పోతదని ఎల్లిపోయిండు. రెండోసారి వస్తే కడుపునొప్పి అని పొర్లిన. మూడోసారి ఆయనకే తెలివొచ్చి నన్ను అడగనే లేదు. "ఉండనియ్యి వదినె, నీకు తోడుంటది," అని పెద్దవ్వతోని చెప్పి, చాయ్ తాగి పోయిండు.

పెద్దవ్వకు పిల్లలు లేరు. పెనిమిటి చనిపోయి అప్పటికి నాలుగేండ్లయింది. రైలు టేషన్‌కు దగ్గర్ల రెండర్రల ఇల్లు. ఆమె పొడుగు మనిషి, గొంతు పెద్దది. నన్ను తిట్టిన తిట్లు టేషన్‌ల దిగినోల్లకు కూడ వినొస్తుండె. తిట్టిన నోటితోనే నాకు అన్నం కలిపి ముద్దలు పెడుతుండె. తొమ్మిదేండ్లొచ్చినా ఆమె చేతితోనే తిన్న. నాకు చేతులు లేవా అంటే ఉన్నయి, వేరే పనుల మీద ఉంటుండె.

ఆమె పెనిమిటి భూమి తాడ్వాయిల ఉండె. దాన్ని ఆమె మరిది దున్నుతుండె. ఏడాదికి సరిపోయే గింజలు బండి మీద ఆయనే పంపుతుండె. నేనాయనను చిన్నాయిన అంటుంటి. ఒకనాడు ఆయన మీసం దువ్వుకుంట వచ్చి అరుగు మీద కూసున్నడు.

"వదినె, నువ్వు ఒంటిదానివి. అన్నకు పిండం పెట్టేటోడు లేడు. నా రెండోవాన్ని నీకిస్త, దత్తు తీసుకో."

పెద్దవ్వ ఉన్నపలంగ ఔనన్లే, కాదన్లే. గింజలు పంపేటోని ముంగల కాదనుడు సులువు కాదు. "జర ఆలోచన చేస్త," అన్నది.

ఆయన పోంగనే నా చెయ్యి పట్టుకొని వకీలు సాబ్ ఇంటికి నడిచింది. మున్సిఫ్ కచేరి ఎనుక గల్లీల ఆయన ఇల్లు. గోడ నిండ ఉర్దూ కితాబులు. వకీలు సాబ్ భార్య నాకు మురుకులు ఇచ్చి మూలకు కూసోబెట్టింది.

"వకీలు సాబ్, దత్తు కాయిదం రాయున్రి," అన్నది పెద్దవ్వ. "గీ పిల్లను తీసుకుంట."

నా నోట్ల మురుకు ఆగిపోయింది. మరిది కొడుకు సంగతి అడగనీకి పోతున్నదనుకున్న, ఆమె మనసుల నేనున్న సంగతి నాకు తెల్వది.

వకీలు సాబ్ అద్దాలు ముక్కు మీదికి జార్చి ఆమె దిక్కు చూసిండు. "మీ ఆయన పోయేముందు దత్తు తీసుకొమ్మని ఏమన్న చెప్పిండా?"

"పోయేముందు ఆయన నోట్ల నుంచి దగ్గు తప్ప ఏం రాలె."

"ఆయన మాట లేకుంటె ఆయన దగ్గరి అన్నదమ్ములు ఒప్పుకోవాలె. అదైనా మొగపిల్లగాని సంగతి. ఆడిపిల్లను దత్తు తీసుకునే కాయిదా లేదమ్మ, చట్టం ఒప్పదు."

"ఎందుకు లేదు?"

"దత్తు తీసుకునేది పిండం పెట్టనీకి. ఆడిపిల్ల పెట్టొద్దంటరు."

"చచ్చినంక పిండం సంగతి సరే. రేపు జరమొస్తె గంజి ఎవ్వలు పొయ్యాలె? దానికి కాయిదా ఏమన్న ఉన్నదా?"

వకీలు సాబ్ నవ్విండు. ఎనుక మరిది సంగతి అడిగిండు. పెద్దవ్వ చెప్పింది. అప్పుడాయన గొంతు తగ్గించి ఒక్కొక్క మాట నింపాదిగ చెప్పిండు.

"సోంచాయించి, ఎనుక ముందు చూసి చెయ్యి. మరిది కొడుకును దత్తు తీసుకున్ననాడే నీ పెనిమిటి భూమి ఆ పిలగానిదయితది. నీకు తిండి, బట్ట మాత్రమే. పిలగాడు చిన్నోడు, పెత్తనం ఎవరు చేస్తరో నీకే ఎరుక. ఒకసారి అయినంక ఎనుకకు తీసుకునుడు ఉండది. నువ్వు వద్దన్నా పోదు, వాడు వద్దన్నా పోదు."

పెద్దవ్వ నా చెయ్యి పట్టుకొని ఇంటికి నడిచింది. నేను మాత్రం ఆ మాటలన్నిట్ల ఒక్కటే ఏరుకున్న. మొగపిల్లగాడైతే రాస్తరు, ఆడిపిల్లయితే రాయరు. మొగపిల్లగాండ్లకు నాకు తేడా ఏందని రెండు రోజులు చూసిన. నాకు కనవడింది రెండే: జడ, లంగ.

మా వాడకు ఒక మంగలాయన వస్తుండె. పెద్దవ్వ తాడ్వాయికి పోయిన రోజు చూసి ఆయనను పిలిచిన. "మా పెద్దవ్వ మొక్కుకున్నది. నా గుండు చెయ్యాలట," అన్న.

"పెద్దామె లేకుండనా?"

"ఆమె లేనప్పుడే తియ్యాలని మొక్కు."

ఆయన నమ్మినట్టు నమ్మక నిలవడ్డడు. నేను లోపటికి పోయి కొబ్బరికాయ తెచ్చి ముంగల పెట్టిన. కాయను చూసినంక ఆయనకు అనుమానం పోయింది. కత్తి నూరిండు.

గుండయింది. ఇంక బట్టలు కావాలె. పక్కింటోల్లు తీగె మీద ఆరేసిన వాండ్ల పిలగాని లాగు, అంగి గుంజుకొని తొడుక్కొని, లాగు జారకుండ ఒక చేత్తోని పట్టుకొని వకీలు సాబ్ ఇంటికి ఉరికిన. ఆయన ముంగట నలుగురైదుగురు కూసొని ఉన్నరు. నేను వాండ్ల నడుమల నుంచి పోయి మేజ ముంగల నిలవడ్డ.

"వకీలు సాబ్, నేను మొగపిల్లగాన్ని అయిన. ఇగ రాయున్రి."

మొదలు ఆయన నన్ను గుర్తు పట్టలె. పట్టినంక నవ్వాగక ఆయన చేతిల చాయ్ కప్పు కదిలి కాయిదాల మీద ఒలికింది. కూసున్నోల్లు ఇంక నవ్వుతనే ఉన్నరు. ఆయన మాత్రం నవ్వు ఆపి, లేచి చెప్పులు తొడుక్కొని నా చెయ్యి పట్టుకున్నడు.

తొవ్వల అడిగిండు, "మీ అవ్వ కాడికి పోవాలని లేదా బిడ్డ నీకు?"

"పోత. పోయి మల్ల వస్త."

మేము పోయేసరికి పెద్దవ్వ ఇంటికి వచ్చి నన్ను వెతుకుతున్నది. నా గుండు చూసి మొదలు చెంప మీద ఒకటి వేసింది. ఎనుక గడప మీద కూలవడి, నా గుండును రెండు చేతులల్ల పట్టుకొని ఏడ్చింది. మంగలాయనను పిలిపిస్తే ఆయన, "కొబ్బరికాయ కూడ పెట్టిందమ్మ, నాకేం ఎరుక," అని దండం పెట్టిండు. పక్కింటామె లాగు కోసం వచ్చింది. ఆ దినం మా వాకిట్ల కచేరి కంటే ఎక్కువ మంది ఉన్నరు.

అందరు పోయినంక వకీలు సాబ్ పెద్దవ్వతోని అన్నడు, "దత్తు కాకుంటె సాదుకో. సాదుకునేదానికి ఏ కాయిదా అడ్డం రాదు. తండ్రి ఒప్పుకుంటె చాలు. కని తండ్రి హక్కు పోదు, ఆయన రమ్మంటె పంపాలె. ఇంక నీ తల్లిగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెలక భూమి రాజంపేటల ఉన్నది గదా? అది నీ సొంతం. దాన్ని ఎవ్వలకు ఇచ్చినా మరిది అడ్డం రాడు. దస్తావేజు రాసి రిజిస్ట్రీ చేయించాలె, గంతే."

పెద్దవ్వ తలకాయ ఊపింది. కని చిన్నాయినకు వద్దని చెప్పే ధైర్యం ఆమెకు చాలలె. ఆమె మాట్లాడకుంటె ఆయన ఒప్పుకున్నట్టే లెక్క కట్టుకున్నడు. నా వెంట్రుకలు బురుసు లెక్క మొలిచే దినాలల్ల, ఆయన తన రెండో కొడుకును తెచ్చి మా ఇంట్ల దించిండు. "ఎనిమిది దినాలు అలవాటు కానియ్యి, ఎనుక దత్తు పెట్టుకుందం," అన్నడు.

వాడు నాకంటే ఏడాది చిన్న. నేను తమ్ముడు అనాలె గని మొదటి రెండు దినాలు అనలె. నా ముద్దలల్ల సగం వానికి పోతున్నయి, నాకెట్లుంటది? వాన్ని సతాయించిన. దత్తు పోయిన పిలగాండ్లకు పేరు మారుస్తరని చెప్పిన. కొత్త పేరు మరిచిపోతే అన్నం పెట్టరని చెప్పిన. రైలు కూత పెట్టినప్పుడల్ల, "నీ కోసమే వస్తున్నది," అన్న. వాడు ఒక్క మాట ఎదురు చెప్పలె. నేను కప్పుకునే కంబడితోని ముక్కు తుడుచుకుంట ఏడ్చిండు.

మూడోనాడు జామచెట్టు కింద కూసొని ఉంటె అడిగిన, "నువ్వు మాట్లాడవా?"

"నాకు మా అవ్వ కావాలె," అన్నడు.

"మరి మీ బాపుతోని చెప్పరాదు?"

"చెప్పిన. అవ్వ కూడ చెప్పింది. బాపు ఇనడు."

నాకు మనసుల ఏదో తీర్గ అయింది. నాకిద్దరు తల్లులు కావాలని నేను గుండు చేయించుకున్న. వానికి ఉన్న ఒక్క తల్లిని తీసేస్తున్నరు. ఆ దినం నా ముద్దలల్ల సగం కంటే ఎక్కువనే వానికి పెట్టిన. తమ్ముడు అని పిలిచిన. ఎనుక ఇద్దరం కలిసి ఉపాయం చేసినం.

ఉపాయానికి మూలం కూడ వకీలు సాబే. ఏమేం కావాలని చిన్నాయిన ఆయనను అడగపోయినప్పుడు మేము ఎనుకనే ఉన్నం. "మన కాపోల్లల్ల హోమం లేకున్నా నడుస్తది," అని ఆయన చెప్పిండు. "కని తండ్రి తన చేతులతోని పిలగాన్ని ఎత్తి ఇయ్యాలె, తీసుకునేటామె తన చేతులతోని తీసుకోవాలె. ఆ ఇచ్చుడు, తీసుకునుడు కాకుంటె ఎన్ని కాయిదాలు రాసినా దత్తు కాదు."

"అయితే ఎత్తకుండ చూస్తె చాలు," అని నేను తమ్మునికి చెప్పిన. "మీ బాపు వంగంగనే ఒంటికి వస్తుందని చెప్పి ఉరుకు. దొడ్డిల జామచెట్టెక్కు. నేను పిలిచేదాక దిగకు."

"ఎంతసేపు?"

"వాండ్లు వెతికి వెతికి యాష్టకొచ్చేదాక."

అనుకున్న దినం వచ్చింది. తాడ్వాయి నుంచి రెండు బండ్ల నిండ చుట్టాలొచ్చిండ్రు. అయ్యగారు వచ్చిండు. వకీలు సాబ్‌ను గవాహీకి, అంటే సాక్ష్యానికి, పిలిచిండ్రు. ఎల్లారెడ్డి నుంచి అవ్వ, బాపు కూడ వచ్చిండ్రు. వంటింట్ల భక్ష్యాలు కాలుతున్నయి. పెద్దవ్వ కొత్త చీర కట్టుకొని పీట మీద కూసొని ఒడి పరిచింది. ఆమె మొకం చూస్తె పంటి నొప్పి ఉన్నోల్ల లెక్కుండె. తమ్ముని తల్లి, అంటే చిన్నమ్మ, వంటింటి తలుపు ఎనుక నిలవడి కొంగు నోట్ల పెట్టుకున్నది.

అయ్యగారు రెండు మంత్రాలు చదివి, "ఇగ ఇయ్యి," అన్నడు. చిన్నాయిన వంగిండు. తమ్ముడు చిటికెన వేలు చూపిండు.

"ఇప్పుడా?" అన్నడు చిన్నాయిన.

"ఆగుతలేదు బాపు."

చుట్టాలు నవ్విండ్రు. పొమ్మన్నరు. వాడు ఉరికిండు. అందరు ఎదురు చూసిండ్రు. అయ్యగారు ముహూర్తం పోతదన్నడు. చిన్నాయిన దొడ్డి దిక్కు తిరిగి గట్టిగ పిలిచిండు. జవాబు రాలె. ఇద్దరు మనుషులు వెతకపోయిండ్రు.

ఇంతదాక అంత మేమనుకున్నట్టే నడిచింది. ఎనుక జరిగింది మాత్రం ఉపాయంల లేదు. పెద్దవ్వ ఒడి ఖాళీగ ఉన్నది. అంత మంది నడుమల ఆమె ఒక్కతే పీట మీద, చేతులు చాపుకొని ఎటు చూడాల్నో తెల్వక కూసున్నది. నాకేమైందో, పోయి ఆ ఒడిల కూసున్న.

"లే పోరీ!" అన్నడు చిన్నాయిన.

నేను లేవలె. పెద్దవ్వ చేతులు రెండు నా చుట్టు బిగిసినయి. ఎముకలు నొప్పివెట్టేటట్టు పట్టుకున్నది.

"ఉండనియ్యి," అన్నది. "తీసుకునేదాన్ని నేనే గదా? తీసుకున్న."

"తీసుకుంటివి సరే, ఇచ్చినోడెవడు?" అని అరిచిండు చిన్నాయిన.

"నన్ను నేనే ఇచ్చుకున్న," అన్న నేను.

వకీలు సాబ్ రుమాలు మొకానికి అడ్డం పెట్టుకున్నడు. భుజాలు ఊగుతున్నయి. అప్పటికే వెతకపోయినోల్లు తమ్ముని కాలు పట్టి చెట్టు మీద నుంచి దించుకొస్తున్నరు. చిన్నమ్మ తలుపు ఎనుక నుంచి వచ్చి కొడుకును ఎత్తుకున్నది. పెద్ద మనుషుల ముంగల ఆమె గొంతు అంతకు ముందు ఎవ్వలు వినలె.

"నేను ఇయ్య," అన్నది.

"నీ మాటతోని పని లేదు. తండ్రి ఇస్తె చాలు. అడుగు, వకీలు సాబ్‌నే అడుగు."

వకీలు సాబ్ రుమాలు తీసిండు. మొకంల నవ్వు లేదు. "కాయిదా అంతేనమ్మ," అన్నడు మెల్లగ.

"కాయిదాల లేకుంటె లేదు," అన్నది చిన్నమ్మ. "చేతులతోని ఎత్తి ఇయ్యాలన్నరు గదా? వీడు నా చేతులల్ల ఉన్నడు. ముందు గుంజుకో. ఇంత మంది చూస్తుంటె గుంజుకో."

చిన్నాయిన చెయ్యి చాపిండు. తమ్ముడు తల్లి మెడ పట్టుకొని కండ్లు మూసుకున్నడు. చాపిన చెయ్యి ఆడనే ఆగింది. జర సేపటికి దాన్ని మీసం మీదికి తీసుకపోయిండు.

వకీలు సాబ్ ఆయనను అరుగు మీదికి తీసుకపోయి కూసోబెట్టిండు. "ఆ భూమి ఆమె బతికున్నంత కాలం అనుభవించనీకే. ఊరికె అమ్మరాదు, తల్లిగారోల్లకు రాసియ్యరాదు. ఆమె తర్వాత ఎట్లనన్న మీ ఇంటికే వస్తది. నీకు తొందరెందుకు?" అన్నడు.

ఆ మాట ముందే ఎవరన్న చెప్పి ఉంటె బండ్లు కట్టే పని తప్పుతుండె. ఆయన చాలాసేపు మొకం ముడుచుకొనే కూసున్నడు. కని వంటయి ఉన్నది. అందరు విస్తర్ల ముంగల కూసుంటె ఆయన ఒక్కడే ఎంతసేపుంటడు? భక్ష్యాలు నెయ్యి పోయించుకొని అందరి కంటే రెండు ఎక్కువే తిన్నడు. పొద్దుటి నుంచి ఏదన్న అడ్డం రావాలని ఎల్లమ్మకు మొక్కుకుంటనే ఉన్ననని పెద్దవ్వ నాకు ఆ ఎనుక చెప్పింది. ఈసారి మొక్కు నిజమే.

బాపు ఎల్లారెడ్డికి పోకముందే వకీలు సాబ్ కాయిదం రాసిండు. ఉర్దూల రాసి తెలుగుల చదివి చెప్పిండు. పిల్ల పెద్దవ్వ కాడ ఉండి పెరుగుతది. తండ్రి హక్కు తండ్రిదే. పెండ్లి రెండిండ్లోల్లు కలిసి చేస్తరు. బాపు బొటనవేలు వేసిండు. వేలు తుడుచుకునేటప్పుడు నా దిక్కు చూడలె. అవ్వ వంటింట్ల నుంచి, "ఇంకొక మాట రాయించు," అన్నది. "పిల్ల మనసైనప్పుడు తల్లిగారింటికి రావచ్చని రాయించు." బయటికి మాత్రం రాలె. ఎందుకు రాలేదో నా బిడ్డను నేను అత్తగారింటికి పంపేదాక నాకు సమజ్ కాలె. రాజంపేట చెలక ఆ ఏడే నా పేరున రిజిస్ట్రీ అయింది. నేను చిన్నదాన్ని గాబట్టి నా తరపున బాపే తీసుకున్నడు.

"మనసైనప్పుడు" అన్న మాట నా చేతిల పడుడే వాండ్లు చేసిన తప్పు. పెద్దవ్వ ఆముదం తాపబోతే, "నాకు మనసైంది," అని బస్సెక్కి ఎల్లారెడ్డికి పోదును. డ్రైవరు బాపుకు ఎరుకైనోడు, నన్ను పక్కన కూసోబెట్టుకుంటుండె. ఎల్లారెడ్డిల అవ్వ పెండ ఎత్తమంటె, "నేనుండాల్సింది పెద్దవ్వ కాడ, కాయిదంల ఉన్నది," అని మల్ల బస్సెక్కుదును. ఒక వారంల నాలుగు మాట్ల తిరిగిన. ఏ ఇంట్ల పని చెప్పినా రెండో ఇల్లు ఉండనే ఉన్నది.

ఒకసారి రెండిండ్లల్ల ఒకటే దినం తిట్లు పడ్డయి. పొద్దున ఎల్లారెడ్డిల తిట్లు తిని కామారెడ్డికి వస్తె, ఆడ పెద్దవ్వ చేతిల ఆముదం గిన్నె ఉన్నది. నేను అట్లనే ఎనుకకు మర్లి, తాడ్వాయి పోయే బండి కనవడితే ఎక్కి చిన్నమ్మ ఇంటికి పోయిన. చిన్నమ్మ నన్ను చూసి ఏం అడగలె, నెయ్యేసి అన్నం పెట్టింది. తమ్ముడు, నేను మూడు దినాలు చెరుకు తోటల ఆడినం. నేను ఎల్లారెడ్డికే పోయిన అని పెద్దవ్వ అనుకున్నది, కామారెడ్డిల ఉన్న అని అవ్వ అనుకున్నది. మూడోనాడు అవ్వ కామారెడ్డికి వచ్చి పిల్లేదని అడిగితే, నేను ఏ ఇంట్ల లేనని ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

పని మీద వేరే ఊరికి పోయి అప్పుడే వచ్చిన చిన్నాయిన నన్ను చెరుకు తోటల చూసి మొదలు కోపం చేసిండు. సంగతి తెలిసినంక మాత్రం కడుపు పట్టుకొని నవ్విండు. "నా కొడుకును దత్తు ఇయ్యబోతే, నువ్వే నా ఇంటికి దత్తు వచ్చినవా?" అని, ఆయనే బండి కట్టి నన్ను కామారెడ్డికి తెచ్చిండు. వాకిట్ల అక్కాచెల్లెండ్లిద్దరు నిలవడి ఉన్నరు. ఎవ్వలు ముందు కొట్టాల్నో వాండ్లకే తెల్వలె. ఎనుక వంతులు వేసుకున్నరు.

తెల్లారి ఇద్దరు నన్ను నడుమల పెట్టుకొని వకీలు సాబ్ కాడికి నడిపించిండ్రు. పాత కాయిదం కింద కొత్త మాట రాయాలన్నరు. పిల్ల చెప్పకుండ ఏ ఇంటి నుంచి పోవద్దు. వకీలు సాబ్ ఏం నవ్వకుండ కలం ముంచి రాసిండు. దాని కింద నా బొటనవేలు వేయించిండు. చిన్నపిల్ల వేలు కచేరిల చెల్లదని ఆయనకు తెల్వదా? తెలుసు. నాకు తెల్వదని కూడ తెలుసు.

వేలు మసిబట్టకు తుడుచుకుంట, "ఆముదం తాపొద్దని కూడ రాయున్రి," అన్న.

అది మాత్రం రాయలె.